సూదక్క కొన్న కత్తులు

బైండింగ్ షాపులో ఆమెను అందరూ సూదక్క అనేవారు. అచ్చయి వచ్చిన కాగితాలను మడిచి, కుట్టి, అట్టలు వేసి పుస్తకాలుగా పంపే చోటు అది. కుట్టు బల్ల దగ్గర ఆమె చెయ్యి ఆడుతుంటే పక్కవాళ్ళు తమ పని ఆపి చూసేవారు. కబుర్లు చెబుతూ కుట్టేది, నవ్వుతూ కుట్టేది, ఎవరిమీదైనా కోపం వస్తే మరీ వేగంగా కుట్టేది.

మొదటినుంచీ ఆమె సూది పనిలో లేదు. చేరిన కొత్తలో కటింగ్ మిషన్ దగ్గర పెద్దక్కకు జోడీగా పనిచేసింది. పెద్దక్క అంటే తోబుట్టువేమీ కాదు, షాపులో అందరికంటే ముందు చేరిన మనిషి. సూదక్క కాగితాల కట్టను సర్ది మిషన్‌లోకి తోస్తే, పెద్దక్క కాలితో పెడల్ నొక్కేది. బరువైన బ్లేడు దిగి అంచులను ఒక్క వేటున చెక్కేసేది. బడులు తెరిచే ముందు రోజులవి, పని ఒత్తిడి ఎక్కువ. ఒక మధ్యాహ్నం, కట్టలోంచి ఒక కాగితం వంకరగా బయటికి వచ్చిందని సూదక్క చెయ్యి చాచింది. అప్పటికే బ్లేడు దిగుతోంది. కుడి చేతి చూపుడువేలు, మధ్యవేలు చివరి కణుపుల దగ్గర తెగిపోయాయి.

తర్వాత విచారణ జరిగింది. తప్పు ఫలానా వాళ్ళదని ఎవరూ తేల్చలేదు. ఓనరు ఆ మిషన్ తీసేయించి కొత్తది తెప్పించాడు. రెండు చేతులతో రెండు బటన్లు ఒకేసారి నొక్కితే తప్ప దాని బ్లేడు కదలదు. చెయ్యి మానాక సూదక్క తిరిగి వచ్చింది. మిషన్ వైపు పోను, కుట్టు నేర్చుకుంటానంది. నేర్చుకుంది.

మిషన్ అంటే భయపడిందంటే ఎవరికైనా అర్థమవుతుంది. కానీ ఆ భయం ఆమె వెంట ఇంటిదాకా వచ్చింది. వంటింట్లో కత్తి పట్టుకుంటే ఒళ్ళు చల్లబడేది. దారం కత్తిరించే మొండిమూతి కత్తెర ఒక్కదాన్నే బొటనవేలికీ ఉంగరపు వేలికీ తగిలించుకుని వాడేది. మిగతా కోతంతా భర్త మీద పడింది. ఆయన నీళ్ళ మోటార్లు బాగుచేసే మెకానిక్. మొదట్లో విసుక్కుంటూ చేసినా, క్రమంగా అది ఆయనకు గొప్పయి కూర్చుంది. ఆయన తరిగిన క్యారట్ ముక్కలు వాషర్లలా ఒకే మందంలో ఉండేవి. ఇంటికెవరైనా వస్తే, "వంట ఆవిడది, కోత నాది. రుచి బాగుంటే మాత్రం నన్నే మెచ్చుకోండి" అనేవాడు.

షాపులో వాళ్ళు ఇంకో రకం. మధ్యాహ్నం అందరూ కలిసి తినేటప్పుడు ఎవరైనా పండు కోస్తుంటే, సూదక్క వస్తోందనగానే కత్తిని తువ్వాలు కిందకి నెట్టేవారు. ఆమె చూసీ చూడనట్టు ఊరుకునేది. ఏళ్ళ తరబడి ఊరుకుంది. వాళ్ళు ప్రేమతోనే చేస్తున్నారని తెలుసు. అందుకే ఏమీ అనలేకపోయేది.

ఆ ఏడాది పని కాస్త సద్దుమణిగిన రోజుల్లో లెక్కలమ్మాయి ఒక మాట తెచ్చింది. షాపులో జమాఖర్చులు చూసే పిల్ల ఆమె, అందరిలోకీ చిన్నది. ఏటి ఒడ్డున అడవి పక్కన టెంట్లు వేసుకోవడానికి జాగా ఇస్తారట, ఆడవాళ్ళమే వెళ్ళి రెండు రాత్రులు ఉండి వద్దామంది. మొదట అందరూ నవ్వారు. ఇంట్లో పని తప్పించుకోవడానికి ఇంతకంటే మంచి దారి లేదని జిగురు విభాగంలో పనిచేసే వదిన అనేసరికి, ఒక్కొక్కరే ఒప్పుకున్నారు. వదిన కూడా ఎవరికీ వదిన కాదు. ఏదో పెళ్ళిలో ఎవరో అలా పిలిస్తే అదే స్థిరపడిపోయింది.

పనులు పంచుకున్నారు. టెంట్లు లెక్కలమ్మాయివి, గిన్నెలూ సరుకులూ వదినవి, దీపాలూ దుప్పట్లూ పెద్దక్కవి. కత్తులూ రంపాల దగ్గరకు వచ్చేసరికి మాట ఆగిపోయింది. అందరూ ఒకేసారి కింద చూశారు. వదిన తేరుకుని, కూరగాయలు ఇంట్లోనే కోసి డబ్బాల్లో పట్టుకెళ్తే సరిపోతుంది కదా అంది. అవునవునని తక్కినవాళ్ళు మరీ తొందరగా తలూపారు.

ఆ తొందర చూసి సూదక్కకు ఒళ్ళు మండింది.

"కత్తులు నేను తెస్తాను" అంది.

"నీకెందుకే ఆ తలనొప్పి?" అంది పెద్దక్క.

"తాడు తెంపాలంటే పళ్ళతో కొరుకుతామా? కట్టె విరగాలంటే మోకాలికేసి కొడతామా? తెస్తానన్నాను కదా. ఇంకేం మాట్లాడకండి."

ఆ రోజంతా ఆమె సూది మామూలుకన్నా వేగంగా ఆడింది.

కత్తుల కొట్టు మార్కెట్ వెనక సందులో ఉంది. ఇరుకైన గది, గోడల నిండా అద్దాల బీరువాలు, మూలన సానపట్టే చక్రం. సూదక్క ఒక సాయంత్రం ఒంటరిగా వెళ్ళింది. కొట్టతను ఏం కావాలని అడిగితే చూస్తున్నానంది. చాలాసేపు చూసింది. చేతులు మాత్రం సంచీలోంచి బయటికి తీయలేదు. అతను చక్రం తిప్పి ఎవరి కత్తికో సాన పెట్టడం మొదలుపెట్టగానే ఆ చప్పుడుకి ఆమె మెట్లు దిగి వచ్చేసింది. ఇంటికొచ్చి కొట్టు మూసేసి ఉందని చెప్పింది. భర్త తలూపాడు. ఆ కొట్టు ఏ రోజు మూస్తారో ఆయనకు బాగా తెలుసు, రోజూ ఆ దారినే వస్తాడు. అయినా ఏమీ అనకుండా బంగాళాదుంపలు ముందేసుకుని కూర్చున్నాడు.

మరో రోజు ఇద్దరూ కలిసి వెళ్ళారు. లోపలికి అడుగు పెట్టింది మొదలు పెత్తనమంతా ఆయనదే అయింది. అది తీయండి, ఇది చూపించండి అంటూ, పిడి తిప్పి చూస్తూ, బొటనవేలితో పదును పరీక్షిస్తూ హడావిడి చేశాడు. కొట్టతను కూడా ఆయనతోనే మాట్లాడాడు. మోచెయ్యంత పొడవున్న ఒక కత్తి తీశాడు. దాని వీపున రంపపు పళ్ళు, పిడి చివర దిక్సూచి. అడవికి వెళ్ళేవాళ్ళంతా ఇదే కొంటారన్నాడు. భర్త దాన్ని గాల్లో ఊపి మురిసిపోయాడు.

సూదక్క అది కాసేపు చూసింది. తర్వాత ఆయనవైపు తిరిగి, "మీరు కాస్త బయట నిలబడతారా?" అంది.

"నేనా? ఎందుకు?"

"మీరుంటే మీరే కొంటారు. నేను కొనాలి."

ఆయన దిక్సూచి వైపు ఒకసారి చూసి కత్తి బల్లమీద పెట్టి వెళ్ళాడు. సందులో నిలబడి, అంతవరకు ఎప్పుడూ చదవని ఎదురు కొట్టు బోర్డును శ్రద్ధగా చదవసాగాడు.

అప్పుడు సూదక్క కుడి చెయ్యి బల్లమీద పెట్టింది. కొట్టతను ఆ వేళ్ళు చూశాడు. అయ్యో అనలేదు, ఎలా జరిగిందనీ అడగలేదు. పిడులున్న అరను మొత్తం లాగి ఆమె ముందు పెట్టాడు.

ఆమె ప్రశ్నలన్నీ ఒకే వైపునుంచి వచ్చాయి. ఇది జారితే ఎటు పోతుంది? జారినప్పుడు నా వేలు ఎక్కడుంటుంది? మూసేటప్పుడు చెయ్యి ఎక్కడ పెట్టాలి? కోయడం గురించి అడిగేవాళ్ళే తప్ప జారడం గురించి అడిగేవాళ్ళు అతనికి ఎక్కువగా తగిలినట్టు లేరు. మొదట తడుముకున్నాడు గానీ, తర్వాత అతనికీ ఉత్సాహం వచ్చింది. దిక్సూచి కత్తిని పక్కన పెట్టేశారు. నున్నటి చెక్క పిడి తడిస్తే జారుతుందని తీసేశారు. ఒక మడత కత్తి చూడ్డానికి ముద్దుగా ఉంది కానీ, విప్పాక దాన్ని అలాగే పట్టి ఉంచే బందు లేదు. గట్టిగా నొక్కితే వేళ్ళమీదికే మడుచుకుంటుంది. దాన్ని ఆమె వేలితో కూడా ముట్టకుండా వెనక్కి తోసింది.

చివరికి రబ్బరు పిడి ఉన్న కత్తి ఒకటి చేతిలో కుదిరింది. బ్లేడు అరచేతంత ఉంటుంది. వేళ్ళు ముందుకు జారకుండా పిడికీ బ్లేడుకీ మధ్య చిన్న అడ్డు ఉంది. కోసి చూడమని కొట్టతను మందపాటి అట్టముక్క ఇచ్చాడు. అట్టముక్కే ఎందుకిచ్చాడో గానీ, ఆమెకు తెలిసిన వస్తువు ప్రపంచంలో ఏదైనా ఉంటే అదే. కత్తి ఆనించి లాగింది. మంచి పదునున్న బ్లేడు అట్టలో దిగేటప్పుడు ఒక చప్పుడు వస్తుంది, గట్టిగా కాదు, ఎవరో చెవిలో ఉష్ అన్నట్టు. ఏళ్ళ తర్వాత ఆ చప్పుడు తన చేతికింద విన్నది. అట్ట తిన్నగా తెగింది.

దానితోపాటు కొమ్మలు కోయడానికి మడత రంపం, కూరగాయలకు చిన్న కత్తి, తొక్క తీసే పీలరు, మొండిమూతి ఉన్న బలమైన కత్తెర, అరచేతిలో ఇమిడే సానరాయి తీసుకుంది. కొట్టతను చిన్న గొడ్డలి కూడా చూపించాడు. అది జారితే నేరుగా కాలి ఎముకకే తగులుతుందని, రంపం చాలునని వద్దంది.

బయటికొచ్చాక భర్త సంచీ అందుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు. దారిలో ఆయన కత్తుల మాట ఎత్తకుండా, మోటార్లలో ఈ మధ్య వస్తున్న చెత్త వైర్ల గురించి మాట్లాడాడు. ఆ రాత్రి ఆమె కొత్త చిన్న కత్తితో ఒక దోసకాయ కోసింది. ముక్కలు ఒకటి లావు, ఒకటి సన్నం. ఆయన వాటిని చూసి, తినడానికి బాగానే ఉంటాయిలే అన్నాడు. అందులో కాస్త మంట ఉంది. ఇన్నాళ్ళ ఉద్యోగం ఊడబోతోందన్న మనిషి గొంతు అది. ఆమెకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

షాపులో మిగిలిన ఎర్రగుడ్డ, అట్టలు అడిగి తీసుకుని ఆమె కత్తులకు ఒక పెట్టె చేసింది. తెరిస్తే పుస్తకంలా రెండు వైపులకూ విచ్చుకుంటుంది. ఒక్కో కత్తికీ ఒక్కో గూడు, దానికి కుట్టిన పట్టీ. వదిన దాన్ని చూసి, ఈ పుస్తకం ఎవరు చదువుతారమ్మా అంది.

వెళ్ళిన రోజు మధ్యాహ్నం వాన కురిసి వెలిసింది. ఏటి ఒడ్డున నేల మెత్తగా ఉంది. టెంట్లు వేస్తుండగానే సూదక్క తన నిబంధనలు చెప్పింది. కత్తి చేతినుంచి చేతికి ఇవ్వకూడదు, కింద పెడితే అవతలివాళ్ళు తీసుకోవాలి. తెరిచిన కత్తితో నడవకూడదు. కూర్చుని కోయాలి, తొడమీద పెట్టుకుని కోయకూడదు. హెడ్‌మాస్టరమ్మ వచ్చిందని వదిన వేళాకోళం చేసింది గానీ, అందరూ పాటించారు.

ఇంతలో పెద్దక్క తన సంచీలోంచి పాత దుప్పటిలో చుట్టిన గొడ్డలి తీసింది. ఇంటినుంచి ఎవరికీ చెప్పకుండా తెచ్చుకుంది. సూదక్క ముఖం ముడుచుకుంది. రంపం ఉండగా ఇదెందుకంది. పెద్దక్క దాన్ని టెంటు పక్కన ఆనించి పెట్టింది.

సాయంత్రం పొయ్యి దగ్గర తేలింది సంగతి. రంపం కట్టెలను చక్కగా ముక్కలు చేసింది, కానీ అవన్నీ పైన నానిపోయి ఉన్నాయి. ఎంత ఊదినా పొగ తప్ప మంట లేదు. అందరి కళ్ళల్లో నీళ్ళు. అప్పుడు పెద్దక్క ఒక ముక్కను నిలబెట్టి, గొడ్డలి దానిమీద ఆనించి, ఇంకో కట్టెతో గొడ్డలి వీపు మీద కొట్టింది. ముక్క రెండుగా చీలింది. లోపల పొడిగా, తెల్లగా ఉంది. అలా చీల్చినవాటితోనే పొయ్యి అంటుకుంది.

"నీ గొడ్డలి లేకపోతే ఈ పూట పచ్చి బంగాళాదుంపలు నమిలేవాళ్ళం" అంది సూదక్క.

"అన్నీ నువ్వే ఆలోచించేస్తే ఇంక మేమెందుకు?" అంది పెద్దక్క. అంతటితో ఆ గొడవ ముగిసింది.

మర్నాడు పొద్దున గిన్నెలు కడగడానికి ఏటికి వెళ్ళారు. కూర గిన్నె ఒకటి చేజారి నీళ్ళలో కొట్టుకుపోతుంటే, పట్టుకుందామని పెద్దక్క రాళ్ళమీదుగా రెండడుగులు వేసి జారింది. కుడి కాలు రెండు రాళ్ళ మధ్యకు దిగిపోయింది. అక్కడ ఎవరో వదిలేసిన పాత చేపల వల చిక్కుకుని ఉంది. ఆమె కాలు లాగింది, వల బిగుసుకుంది. ఇంకా లాగింది, ఇంకా బిగిసింది. నడుము లోతు నీళ్ళలో కూర్చుండిపోయింది. ప్రవాహం మనిషిని పక్కకు నెడుతోంది, నైలాను తాళ్ళు మడమ పైన చర్మంలోకి దిగుతున్నాయి.

లెక్కలమ్మాయి పరుగెత్తుకెళ్ళి ఎర్రపెట్టె తెచ్చింది. వదిన కంగారులో పెద్ద కత్తి లాగబోయింది. అది వద్దు, మొన తగిలితే కాలు చీరుకుపోతుందని సూదక్క ఆపి, కత్తెర తీసుకుని నీళ్ళలోకి దిగింది.

పెద్దక్క ఆమెను చూసింది. "దాన్ని రానివ్వకండి. కత్తెర ఇంకెవరికైనా ఇవ్వండి" అంది. నొప్పితో పళ్ళు బిగించి ఉంది, అయినా భయం తన కాలి గురించి కాదు.

"కదలకు" అంది సూదక్క. "నువ్వు కదిలితేనే ప్రమాదం."

వదిన, లెక్కలమ్మాయి చెరో భుజమూ పట్టుకున్నారు. నీళ్ళు కలకబారి కాలు కనపడటం లేదు. తడిమి చూసుకోవాలి. సూదక్క ఎడమ చూపుడువేలిని చర్మానికీ తాడుకీ మధ్య దూర్చింది. కత్తెర మొండి మూతిని ఆ వేలి వెంబడే తోసింది. తన వేలికి ఆనుకుని ఇనుము కదులుతోంది. తర్వాత నొక్కింది. ఒక తాడు తెగింది. వేలు ముందుకు జరిపింది, మళ్ళీ నొక్కింది. మధ్యలో ఒకసారి కత్తెర పట్టు తప్పి ఎడమ వేలు తెగింది. చెయ్యి పైకి తీసింది. నీళ్ళలో కలిసి ఎర్రటి చార ఒకటి సాగి పోయింది. దాన్ని చూసింది. వేలు వేలుగానే ఉంది. చెయ్యి మళ్ళీ నీళ్ళలో పెట్టింది.

ఆఖరి తాడు తెగాక రాయిని పక్కకు నెట్టి ముగ్గురూ కలిసి పెద్దక్కను ఒడ్డుకు లాగారు. మడమ వాచిపోయింది గానీ ఎముక విరిగినట్టు లేదు. వదినా లెక్కలమ్మాయీ బండి సంగతి చూడటానికి వెళ్ళారు. వీళ్ళిద్దరూ తడిబట్టలతో రాతిమీద కూర్చున్నారు. పెద్దక్క తన కొంగు చించి సూదక్క వేలికి కట్టింది.

కాసేపటికి, "ఆ రోజు నా కాలు పెడల్ మీద ఉంది" అంది.

"తెలుసు. నా చెయ్యి కాగితం మీద ఉంది" అంది సూదక్క.

పెద్దక్క వేలికట్టు ముడి మరోసారి బిగించింది.

"గిన్నె దొరికిందా?" అని అడిగింది పెద్దక్క.

"ఎక్కడ దొరుకుతుంది? ఈపాటికి సముద్రంలో ఎవరో కూర వండుతుంటారు."

పెద్దక్క నవ్వబోయి, కాలు కదిలి మూలిగింది. రెండో రాత్రి ఉండకుండానే ఆ సాయంత్రానికి అందరూ ఇళ్ళు చేరారు.

ఇంటి దగ్గర భర్త వేలికట్టు చూసి తెల్లబోయాడు. జరిగింది చెప్పేదాకా కూర్చోలేదు. అంతా విన్నాక లేచి వంటింట్లోకి వెళ్ళి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టాడు. ఆయన కళ్ళలో నీళ్ళు ఉల్లిపాయల వల్లనే అనుకోవడానికి ఆమె ఆయనకు కావలసినంత సమయం ఇచ్చింది. ఆ తర్వాత వాళ్ళింట్లో కోత పంచుకున్నారు. పండ్లూ ఆకుకూరలూ ఆమెవి. ఉల్లిపాయలు ఆయనవి, ఏడ్చే పని తనకెందుకని ఆమె తీసుకోలేదు. ఒకరి ముక్కలకు ఒకరు వంకలు పెట్టుకోవడం మాత్రం ఇద్దరికీ ఉమ్మడి.

పెద్దక్క కాలు మానడానికి చాలా వారాలు పట్టింది. కటింగ్ మిషన్ దగ్గర మనిషి లేక పని పేరుకుపోయింది. ఓనరు కొత్తవాళ్ళ కోసం వెతుకుతుంటే, అంతవరకు తాను చూస్తానని సూదక్క అంది. ఆయన రెండుసార్లు అడిగి ఖాయం చేసుకున్నాడు. మొదటిరోజు ఆమె కట్ట పెట్టి, సర్ది, చేతులు వెనక్కి తీసి, తీసినట్టు మళ్ళీ చూసుకుని, అప్పుడు రెండు బటన్లూ నొక్కింది. బ్లేడు దిగినప్పుడల్లా భుజాలు బిగుసుకునేవి. వారం గడిచినా బిగుసుకోవడం పూర్తిగా పోలేదు. పని మాత్రం ఆగలేదు.

పెద్దక్క కర్ర ఊతంతో తిరిగి వచ్చిన రోజున షాపంతా సంబరపడింది. ఇక సూదక్క మిషన్ దగ్గరే ఉండిపోతుందని అందరూ అనుకున్నారు. జీతం కూడా కాస్త ఎక్కువే. ఓనరు అదే మాట అన్నాడు. ఆలోచించుకోనక్కరలేదని, కుట్టుకే వెళ్తానని ఆమె చెప్పేసింది. వదిన నిరాశ పడింది. ఇంత భయం జయించి మళ్ళీ వెనక్కి పోవడమేమిటని పెద్దక్కతో మొరపెట్టుకుంది.

పెద్దక్క సూదక్కను పక్కకు పిలిచింది. "నిజం చెప్పు, ఇంకా భయమేనా?"

"భయం ఉంది. అది వేరే. ఆ మిషన్ రొదలో ఒక్క కబురూ చెవిన పడటం లేదే. నువ్వు లేని ఈ వారాల్లో షాపులో ఏం జరిగిందో నాకు సగం తెలీదు."

పెద్దక్క కర్ర గోడకి ఆనించి మిషన్ ముందు కూర్చుంది. సూదక్క కుట్టు బల్లకు వెళ్ళి, పక్కనే జిగురు పూస్తున్న వదినను, లెక్కలమ్మాయి పెళ్ళిచూపుల సంగతి మొదటినుంచీ చెప్పమని అడిగింది.